ఎర్ర అంచు తీగ

రాత్రి 10:30. పార్క్‌లేన్‌లో షట్టర్లన్నీ దిగిపోయాయి. కింద హోటల్ వాళ్లు కుర్చీలు ఎత్తి బల్లల మీద బోర్లిస్తున్న చప్పుడు మూడో అంతస్తు దాకా వినిపిస్తోంది. ఆ ఎత్తు స్టూలు లాక్కుని నా పక్కన కూర్చోండి. మోచేయి జాగ్రత్త, అక్కడ మూత తీసిన ఎస్‌ఎంపీఎస్ ఉంది.

బల్ల మీద ఉన్నది 40 జీబీ ఐడీఈ డిస్క్. మేడ్చల్ వైపు ఒక వేబ్రిడ్జిలో ఇరవై ఏళ్లకు పైగా లారీలు తూచిన కంప్యూటర్‌లోంచి తీసింది. ఆ పెంటియమ్ 3 డబ్బా గోడవారన, కాటా దగ్గరి దుమ్ముతో సహా కూర్చుని ఉంది. డిస్క్ తెచ్చిన కుర్రాడు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, పార్టీల లెక్కలన్నీ దాంట్లనే ఉన్నయ్. మా నాయిన పెట్టించిన సిస్టం. వస్తదా?"

"సూద్దాం తమ్మీ. గా కుర్చీల కూసో."

కొత్త కంప్యూటర్ కొనుక్కోమని అతనికి చెప్పడం తేలిక. కాటా కింద ఉన్న లోడ్‌సెల్స్ నుంచి బరువు చదివే ప్రోగ్రాం డాస్‌లో రాసింది, రాసినాయన ఇప్పుడు లేడు. కాబట్టి డబ్బా అదే ఉండాలి, డిస్క్ మాత్రం మారాలి. ముందు పాతదాంట్లో ఉన్నది బయటికి రావాలి.

నా బల్ల కంప్యూటర్‌లో లైనక్స్ ఉంది, ఐడీఈ పోర్టు కూడా ఉంది. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం డిస్క్‌ను కాపీ చేస్తోంది. తెర మీద అంకెలు 61 శాతం దాకా చకచకా పరుగెత్తి, ఆగాయి. డిస్క్ లోపల టక్ మంది. ఇంకోసారి టక్. ఊపిరి బిగబట్టి చూడండి. అడిగిన సెక్టార్ కోసం లైనక్స్ కెర్నెల్ 30 సెకన్లు ఎదురుచూస్తుంది. ఆ తర్వాత నల్లటి తెర మీద ఒక వరుస పడుతుంది: ఏటీఏ1, సాఫ్ట్ రీసెట్టింగ్ లింక్. ఐడీఈకి ప్రమాణాల్లో ఉన్న పేరే ఏటీఏ.

ఈ క్షణంలో ఆ చదునైన పట్టీ కేబుల్‌లో ఏం జరుగుతోందో వంగి చూద్దాం. డిస్క్ వైపు డివైస్ కంట్రోల్ అనే ఒక చిన్న రిజిస్టర్ ఉంది. పాత కంప్యూటర్లలో దాని చిరునామా హెక్సాలో 3ఎఫ్6. కెర్నెల్ అందులో 08 రాసింది (ఇలాంటి కోడ్‌లన్నీ ఇక్కడ హెక్సాలోనే). 20 మైక్రోసెకన్లు ఆగింది. 0సి రాసింది. మళ్లీ 20 మైక్రోసెకన్లు. మళ్లీ 08. అంతే, రీసెట్ అయిపోయింది. 08కీ 0సికీ మధ్య తేడా ఒక్క బిట్, సున్నా నుంచి మొదలయ్యే బిట్ల లెక్కలో రెండో నంబరుది. అది లేచి, దిగింది. డిస్క్ లోపలి ప్రాసెసర్‌కు ఆ కాసేపటి లేవడమే ఆజ్ఞ: చేస్తున్న పని వదిలెయ్, మొదటికి రా.

ఆ రెండో బిట్ వయసు తెలిస్తే మీరు ఆ వరుసను ఇంకోలా చూస్తారు. 1984లో ఐబీఎం పీసీ/ఏటీ అనే కంప్యూటర్ వచ్చింది. అందులో 20 ఎంబీ డిస్క్, దాన్ని నడిపే కంట్రోలర్ కార్డు వెస్టర్న్ డిజిటల్‌ది. ఆ కార్డును రీసెట్ చేయడానికి పెట్టిన బిట్టే ఇది. అదే చిరునామా, అదే స్థానం. తర్వాత రెండేళ్లకు కార్డు మీది తెలివంతా డిస్క్‌లోకే ఎక్కి ఐడీఈ పుట్టింది. అయినా ఆ రిజిస్టర్ల చిరునామాలను ఎక్కడివక్కడే ఉంచారు. బయోస్‌లకు ఆ చిరునామాలే తెలుసు మరి.

ఇంకో సంగతి. 08 అన్నాను కదా, అందులో లేచి ఉన్న బిట్ మూడో నంబరుది. ఆనాటి కార్డులో దాని పని, ఎనిమిది కంటే ఎక్కువ హెడ్‌లున్న డిస్క్‌ల కోసం హెడ్‌ను ఎంచే నాలుగో తీగను వాడుకలోకి తేవడం. ఆ పని పోయి ఎన్నో ఏళ్లయింది. లైనక్స్ మాత్రం నేటికీ దాన్ని లేపే ఉంచుతుంది, దానికి 'కాలం చెల్లింది' అన్న అర్థం వచ్చే పేరే పెట్టుకుని. ఎక్కడో ఒక పాత డిస్క్ ఆ బిట్ కోసం చూస్తుందేమోనన్న శ్రద్ధ అది. నాకు ఆ శ్రద్ధ అంటే గౌరవం.

తెర చూడండి, ఇంకో వరుస పడింది. లింక్ నెమ్మదిగా స్పందిస్తోంది, దయచేసి ఓపిక పట్టండి అని. ఇంగ్లిష్‌లో ఉంది గానీ భావం అదే. రీసెట్ చేసి 5 సెకన్లు దాటితే ఆ మాట వస్తుంది. డిస్క్ స్టేటస్‌లో పైబిట్ ఇంకా లేచే ఉంది: పనిలో ఉన్నాను, మాట్లాడించకు.

"ఏమైందన్నా?"

"పిలుస్తున్నం. ఇంక పలుకుతలేదు."

మొదటి 10 సెకన్లు గడిచాయి. మళ్లీ సాఫ్ట్ రీసెట్టింగ్ లింక్. ఇంకో 10. మూడోసారి. ఈసారి కెర్నెల్ 35 సెకన్లు ఆగుతుంది. ఈ గడువులు ఎవరో గాలిలోంచి తీసినవి అనుకోకండి. లైనక్స్ కోడ్‌లో ఆ అంకెల పట్టిక పక్కనే కారణం రాసి ఉంది: ఎక్కువ డిస్క్‌లు 10 సెకన్లలో తిరగడం మొదలుపెడతాయి, బాగున్న వాటిలో 99 శాతానికి పైగా 20 సెకన్లకు ముందే లేస్తాయి, మిగిలిన మొండివాటికి 30 సెకన్లకు మించి ప్రశాంతంగా వదిలెయ్యాలి. ఆ తర్వాత ఇంకో 5 సెకన్లు, ఆఖరి అవకాశంగా.

రీసెట్ చేశాక స్టేటస్ చూడడానికి ముందు ఎంత ఆగాలి అన్నదానికీ ఇలాంటి చరిత్రే ఉంది. ఏటీఏ ప్రమాణ పత్రం 2 మిల్లీసెకన్లు చాలంటుంది. లైనక్స్ 150 ఆగుతుంది. హేల్ లాండిస్ అనే ఇంజినీరు రాసిన ఏటీఏ డ్రైవర్‌లో సీడీ డ్రైవ్‌ల లాంటి వాటి కోసం వాడిన విరామం అది. అనుభవంలోంచి వచ్చిన అంకె గనక అలాగే తీసుకున్నారు, ఎవరి దగ్గర తీసుకున్నారో కూడా రాసిపెట్టారు.

మూడో విడతలో పన్నెండో సెకను. టక్ అన్న చప్పుడు ఆగింది. సన్నటి మోత సమంగా మొదలైంది. డిస్క్ పలికింది! యూడీఎంఏ 100కు కాన్ఫిగర్ చేశాం అని ఒక వరుస, ఈహెచ్ కంప్లీట్ అని ఇంకోటి. డిస్క్‌కు రీసెట్ తర్వాత ఏం గుర్తుందో కెర్నెల్ నమ్మదు. నీ పేరేమిటి, నీ సైజెంత, ఏ వేగంతో మాట్లాడుకుందాం అని మొదటి నుంచీ మళ్లీ అడుగుతుంది. అంకెలు కదిలాయి. 61 దాటింది.

కుర్రాడు కుర్చీలోంచి లేచి వచ్చి తెరకు దండం పెట్టాడు.

కాపీ నడుస్తుండగా ఈ పట్టీ కేబుల్‌ను చేతిలోకి తీసుకోండి. 40 పిన్నుల కనెక్టర్, ఒక అంచున ఎర్ర తీగ. మెకానిక్‌కు ఆ ఎరుపు ఒకటో పిన్ ఎటుందో చెప్పే గుర్తు. తిరగేసి పెట్టకుండా కాపాడుతుంది. ఆ ఒకటో పిన్ చేసే పని చాలామంది అడగరు. అదే రీసెట్ తీగ. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఆ తీగ మీద వోల్టేజి దిగి లేస్తే, కేబుల్‌కు వేలాడుతున్నవన్నీ ఉలిక్కిపడి మొదటికి వస్తాయి.

అన్నీ అనడంలోనే చిక్కుంది. ఒక కేబుల్ మీద ఇద్దరుండొచ్చు, మాస్టర్, స్లేవ్. ఎర్ర తీగ లాగినా, రెండో బిట్ లేపినా ఇద్దరూ లేస్తారు. ఇద్దరూ హార్డ్ డిస్క్‌లే అయినంత కాలం సర్దుకుపోయారు. సీడీ డ్రైవ్‌లు అదే కేబుల్ మీదికి వచ్చాక ఇబ్బంది ముదిరింది. గీతలు పడ్డ సీడీతో డ్రైవ్ గింజుకుంటూ కూర్చుంటే, దాన్ని కదిలించడానికి పక్కన శుభ్రంగా రాసుకుంటున్న హార్డ్ డిస్క్ పని కూడా చెడగొట్టాలా? అందుకని సీడీ డ్రైవ్‌ల తరగతికి ఒక కొత్త కమాండ్ ఇచ్చారు, నంబరు 08, పేరు డివైస్ రీసెట్. డ్రైవ్ బిజీగా ఉన్నా ఆ ఒక్క కమాండ్‌ను చెవిన వేసుకోవాలి, పక్కవాడికి ఏమీ తెలియకూడదు. కొత్త పిలుపు చేరింది, పాత రెండు పిలుపులూ ఉన్నాయి.

ఇక్కడే నాకు ఎంతో ఇష్టమైన పనితనం కనిపిస్తుంది. రీసెట్ అయిన ప్రతి డిస్క్ తన రిజిస్టర్లలో నాలుగు అంకెలు ఉంచి పోతుంది: 01, 01, 00, 00. సెక్టార్ల లెక్క ఒకటి, సెక్టార్ నంబరు ఒకటి, సిలిండర్ సున్నా. దీన్ని సంతకం అంటారు. సీడీ డ్రైవ్ కూడా ఇదే సంతకం పెడితే, సీడీ అంటే ఏమిటో తెలియని పాత బయోస్ దాన్ని హార్డ్ డిస్క్ అనుకుని బూట్ చేయబోతుంది. కాబట్టి సీడీ డ్రైవ్ సిలిండర్ రిజిస్టర్లలో 14, ఈబీ అనే వేరే అంకెలు పెడుతుంది. హార్డ్ డిస్క్‌లను పేరడిగే ఈసీ కమాండ్ పంపితే, అది నాకు కాదని తోసిపుచ్చుతూ మళ్లీ అదే 14, ఈబీ చూపిస్తుంది. పాత బయోస్ అక్కడ తనకు తెలిసినదేదీ లేదనుకుని ముందుకు పోతుంది. కొత్తది ఆ అంకెలు గుర్తుపట్టి, ఏ1 అనే వేరే కమాండ్‌తో పలకరిస్తుంది. ఒకే జవాబు, విన్నవాడి వయసును బట్టి రెండు అర్థాలు. పాతవాడికి అబద్ధం చెప్పలేదు, కొత్తవాడికి ఏదీ దాచలేదు.

పేరడిగినప్పుడు డిస్క్ ఇచ్చే 512 బైట్ల జవాబులోనూ ఇంతే జాగ్రత్త. రెండేసి బైట్లను ఒక పదంగా లెక్కిస్తే, 82వ పదంలో తొమ్మిదో బిట్ లేచి ఉంటే ఆ డివైస్ రీసెట్ కమాండ్ నాకు తెలుసు అని అర్థం. మరి ఆ చోటే ఎరగని పాత డిస్క్ అక్కడ సున్నాలో ఒకట్లో చెత్త నింపి ఉంటే? పక్కనున్న 83వ పదం చూడాలి. దాని 14వ బిట్ ఒకటి, 15వది సున్నా అయి తీరాలని నియమం. అంతా సున్నాలైనా, అంతా ఒకట్లయినా ఆ జత కుదరదు. కుదిరితేనే మిగతా మాటలు నమ్మాలి.

గోడవారన ఉన్న ఆ నల్లటి సర్వర్‌ను చూశారా? అది స్కజీ అనే ఇంకో డిస్క్ వంశం. అక్కడ ఇదే కథ ఇంకా పెద్ద ఇంట్లో జరిగింది. 1986 నాటి మొదటి స్కజీ ప్రమాణంలో ఒక రీసెట్ తీగ ఉంది, లాగితే బస్సు మీదున్న వాళ్లందరూ లేస్తారు. ఒక్క డివైస్‌నే లేపే సందేశమూ ఉంది, కోడ్ 0సి. తర్వాత ఒకే పెట్టెలో ఎన్నో లాజికల్ యూనిట్లు వచ్చాక, అందులో ఒక్క యూనిట్‌నే లేపే రీసెట్ చేరింది, కోడ్ 17. మొదటిదాని పేరు టార్గెట్ రీసెట్‌గా మారింది, కోడ్ మాత్రం 0సి గానే ఉంది. ఇక రీసెట్ జరిగిందని డివైస్ చెప్పే తీరు చూడండి. 29 అనే కోడ్ పంపుతుంది, దాని వెనుక ఇంకో బైటు. మొదట్లో ఆ రెండో బైటు సున్నా. తర్వాత 01 అంటే కరెంటు వచ్చింది, 02 అంటే బస్సు రీసెట్, 03 అంటే నన్నొక్కడినే రీసెట్ చేశారు అని విడమరిచారు. మొదటి బైటు వరకే చదివే పాత ప్రోగ్రాంకు 29 చాలు. వివరం కావాల్సినవాడు ఇంకో అడుగు వేస్తాడు. లైనక్స్ కూడా చిన్న గొంతుతోనే మొదలుపెడుతుంది. ముందు పనిని రద్దు చేయమంటుంది, తర్వాత యూనిట్, తర్వాత టార్గెట్, తర్వాత బస్సు, చివరికి కార్డు మొత్తం.

కాపీ ముగిసింది. నాలుగైదు సెక్టార్లు పోయాయి, లెక్కల ఫైళ్లన్నీ దక్కాయి. రాత్రి 1:20. వాటిని 120 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీలోకి దించాం. ఆ సైజే ఎందుకంటే, ఆ కాలపు మంచి బయోస్‌లు కూడా 137 జీబీ దగ్గర ఆగిపోతాయి.

ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ కనెక్టర్ చూడండి. సన్నగా, ఏడు కాంటాక్టులు. మూడు గ్రౌండ్, మిగిలిన నాలుగు రెండు జతలు, ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి. ఎర్ర తీగ లేదు. రీసెట్‌కు వేరే పిన్ లేదు. మరి ఎలా లేపుతారు? మాటలు పోయే జత మీదే, మాటలు కాని మోత మోగిస్తారు. 106.7 నానోసెకన్ల మోత, 320 నానోసెకన్ల మౌనం, మళ్లీ మోత, ఇలా కనీసం ఆరుసార్లు. దీని పేరు కామ్‌రీసెట్. అటునుంచి డిస్క్ అదే లయలో జవాబిస్తే దాన్ని కామ్‌ఇనిట్ అంటారు. వేగం ఇంకా కుదుర్చుకోని ఇద్దరు, ఒకరి మాట ఒకరికి అర్థం కాని స్థితిలో కూడా, మోత మౌనాల లెక్కతో ఒకరినొకరు గుర్తుపడతారు. సాటా మొదటి ప్రమాణంలో ఎర్ర తీగ ఇలా మారింది.

రెండో బిట్ మాత్రం పోలేదు. సాటాలో రిజిస్టర్లు తీగల మీద కనిపించవు, వాటి విలువలను 20 బైట్ల పొట్లంగా కట్టి పంపుతారు. ఆ పొట్లం రకం 27. అందులో 15వ బైటు పాత డివైస్ కంట్రోల్ రిజిస్టర్ నకలు. సాఫ్ట్ రీసెట్ చేయాలంటే రెండో బిట్ లేచి ఉన్న పొట్లం ఒకటి, దిగి ఉన్న పొట్లం ఒకటి, రెండు పంపాలి. 1984 నాటి లేచి దిగడమే, రెండు ఉత్తరాలైంది. తీగల కాలంలో ఆ బిట్‌ను కనీసం 5 మైక్రోసెకన్లు లేపి ఉంచాలన్న నియమం ఉండేది. రెండు పొట్లాల మధ్య ఇప్పటికీ అదే 5 మైక్రోసెకన్ల నియమం. లైనక్స్ అక్కడ కాస్త ఉదారంగా 1 మిల్లీసెకను ఆగుతుంది.

పెంటియమ్ 3లోకి ఎస్‌ఎస్‌డీని ఎక్కించడానికి అగ్గిపెట్టెలో సగం ఉండే కన్వర్టర్ కావాలి. ఒకవైపు 40 పిన్నులు, ఇంకోవైపు ఏడు. బిగించాను. స్విచ్ వేశాను. డిటెక్టింగ్ ప్రైమరీ మాస్టర్ అని వచ్చింది, చుక్కలు పడుతున్నాయి, పడుతున్నాయి, పడుతూనే ఉన్నాయి.

టార్చ్ ఇటు పట్టండి. అదిగో, తప్పు నాదే. కన్వర్టర్ జంపర్ మాస్టర్‌లో ఉంది, అదే కేబుల్ మీదున్న సీడీ డ్రైవ్ జంపర్ కూడా మాస్టర్‌లోనే ఉంది. రీసెట్ అవగానే ఇద్దరూ ఒకేసారి సంతకం పెడుతున్నారు. ట్వీజర్‌తో సీడీ డ్రైవ్ జంపర్ లాగి స్లేవ్‌లో పెట్టాను.

మళ్లీ స్విచ్. ఈసారి కళ్లు తెర మీద, మనసు ఆ చిన్న కన్వర్టర్ చిప్ మీద పెట్టండి. ఎర్ర తీగ కదిలింది, చిప్ దాన్ని మోత మౌనాల కామ్‌రీసెట్‌గా మార్చి అటు పంపింది. బయోస్ రెండో బిట్ లేపి దించింది, చిప్ రెండు పొట్లాలు కట్టింది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, హెడ్ లేదు, సిలిండర్ అనే వస్తువే లేదు. అయినా రకం 34 పొట్లంలో జవాబు రాసింది: 01, 01, 00, 00. నేను సిలిండర్ సున్నా, సెక్టార్ ఒకటి దగ్గర ఉన్నాను. 20 ఎంబీ డిస్క్‌కు నేర్పిన జవాబు. పెంటియమ్ 3 అడిగింది ఆ ఒక్కటే, దానికి తెలిసిందీ ఆ ఒక్కటే.

ఎస్‌ఎస్‌డీ పేరు తెర మీద కనిపించింది. దాని కింద స్లేవ్ దగ్గర సీడీ డ్రైవ్ పేరు.

ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు ఈ సంతకాన్ని వదిలేశాయి, 2011లో అవి కొత్త ఇల్లు కట్టుకున్నాయి. వాటిలో కంట్రోలర్‌ను రీసెట్ చేయాలంటే ఒక ఎనేబుల్ బిట్ దించాలి. మొత్తం సబ్‌సిస్టమ్‌ను లేపాలంటే ఒక రిజిస్టర్‌లో ఎన్, వీ, ఎం, ఈ అనే నాలుగు అక్షరాల ఆస్కీ విలువ రాయాలి. పొరపాటున ఎవరూ రాయలేని అంకె కావాలని అలా ఎంచారని నేననుకుంటాను. ఆ రీసెట్ తెలుసో లేదో డ్రైవ్ ముందే ఒక బిట్‌తో చెబుతుంది, అది చూశాకే అడగాలి. 82వ పదం మర్యాద అక్కడికీ నడిచి వెళ్లింది. మా కుర్రాడి డబ్బాలో దానికి చోటు లేదు గనక ఈ రాత్రికి ఆ సంగతి చాలు.

డాస్ లేచింది. నీలం తెర, తెల్ల గీతల పెట్టె, పైన వేబ్రిడ్జి పేరు. కుర్రాడు కీబోర్డు ముందుకు జరిగి ఒక లారీ నంబరు కొట్టాడు. పాత తూకాల జాబితా దిగింది. వేలితో ఒక్కో వరుస తాకుతూ ఒకచోట ఆగాడు.

"ఇది మా నాయిన కొట్టిన ఆఖరి ఎంట్రీ అన్నా."

మొబైల్ తీసి ఆ వరుసను ఫోటో తీసుకున్నాడు. నేను స్క్రూడ్రైవర్ తీసుకుని డబ్బా మూత బిగించడం మొదలుపెట్టాను.